టాల్యూయీన్, నీళ్ళ మధ్య బంగారు పొర: చాలాకాలం వాడాక నా రివ్యూ

బంగారు నానో పొరలకి (అంటే నానోమీటర్ల సైజు బంగారు రేణువులతో కట్టిన పలుచని పొరలకి) నేను వేరే పద్ధతులు కూడా వాడా, కానీ పట్టుకుని వదలంది మాత్రం ఇదొక్కటే. కింద సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్ళు, పైన టాల్యూయీన్ (నీళ్ళతో కలవకుండా పైన తేలే ద్రవం), అందులో కరిగిన ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ గోల్డ్ క్లోరైడ్ అనే బంగారు సమ్మేళనం, రెండు పొరలూ నిలకడగా ఉన్నాక సిరంజితో నీళ్ళలోకి టీహెచ్‌పీసీ (టెట్రాకిస్ హైడ్రాక్సీమిథైల్ ఫాస్ఫోనియం క్లోరైడ్) ఎక్కించడం, అంతే. బంగారం పైన, దాన్ని రెడ్యూస్ చేసేది, అంటే లోహంగా మార్చే టీహెచ్‌పీసీ, కింద, రెండూ ఎదురుపడేది హద్దు దగ్గరే కాబట్టి లోహం పుట్టేదీ అక్కడే. సి.ఎన్.ఆర్. రావు గారి గ్రూప్ 2000ల మొదట్లో చూపించిన దారి ఇది, అసలు ఇలా రెండు ద్రవాల మధ్య బంగారం పుట్టించడం 1857లో ఫారడే దగ్గరే ఉంది, ఆయన రెడ్యూస్ చేయడానికి కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగిన ఫాస్ఫరస్ వాడాడు.

టీహెచ్‌పీసీ వేశాక కాసేపు ఏమీ కనపడదు, తర్వాత హద్దు దగ్గర లేత గులాబీ రంగు పొడచూపుతుంది, గంటలు గడిచేకొద్దీ చిక్కబడి పాల మీద మీగడలా సాగే పొర కడుతుంది. విడివిడి రేణువులైతే 520 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చి ఎర్రగా ఉంటాయి, ఇక్కడ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి రంగు నీలం వైపు జరుగుతుంది, గ్లాస్ స్లైడ్ మీదకి ఎత్తి వెలుతురుకి అడ్డం పెడితే తెలిసిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు!

ఇబ్బందులూ ఉన్నాయి. బల్ల అదిరితే పొర ముడతలు పడుతుంది, బీకర్ గోడకి మురికి ఉంటే అక్కడే బంగారం పేరుకుంటుంది, అందుకే ఆక్వా రీజియాతో (బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లాల మిశ్రమం) కడగకుండా నేను మొదలే పెట్టను. మూత పెట్టకపోతే టాల్యూయీన్ ఆవిరైపోతుంది, దాని ఆవిరి మంచిది కాదు కాబట్టి ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. వేడి పెంచితే రేణువులు పెద్దవవుతాయి, సైజు మీద ఆ మాత్రం పట్టు దొరుకుతుంది కానీ కడ్డీలు, త్రికోణాలు లాంటి ఆకారాలు కావాలంటే ఈ పద్ధతిని నమ్ముకోవద్దు.

1994 నాటి బ్రస్ట్ పద్ధతిలో కూడా ఇవే రెండు ద్రవాలు, కానీ అక్కడ గట్టిగా తిప్పి, రేణువులకి థయాల్ (బంగారానికి అంటుకునే గంధకపు సమ్మేళనం) తొడిగి విడివిడిగా తీస్తారు, పొడిలా ఆరబెట్టి మళ్ళీ కరిగించుకోవచ్చు. నాకు ఎలక్ట్రోడ్ మీద పరవడానికి పొరే కావాలి కాబట్టి కదపకుండా వదిలేసే ఈ పద్ధతే నచ్చింది. పైగా తయారైన పొరకి డోడెకేన్‌థయాల్ అనే థయాల్ కలిపితే విడిపోయి రేణువులు టాల్యూయీన్‌లోకి వెళ్ళిపోతాయి, అంటే కావాలనుకుంటే విడి రేణువులు కూడా దీంట్లోంచే వస్తాయి.