అభ్యాసం పక్కన ఉన్న ఆ చిన్న అంకె

డొనాల్డ్ కనూత్ ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటం తొమ్మిదేళ్లుగా నా బల్ల మీదే ఉంది. దాని ఘనత గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా ప్రాణమంతా అభ్యాసాల పక్కన ఉండే అంకెల మీదే. 10 అంటే నిమిషంలో తేలే లెక్క, 20 అంటే ఇరవై నిమిషాలు, 30 అంటే రెండు గంటలు దాటవచ్చు, 50 అంటే పుస్తకం రాసేనాటికి ఎవరూ తేల్చనిది. ఫెర్మా చివరి సిద్ధాంతం అనే పేరుమోసిన గణిత సమస్యకు మొదట 50 వేసిన ఆయన, నిరూపణ వచ్చాక 1997 నాటి మూడో కూర్పులో దాన్ని 45కి తగ్గించారు. ముందు ఎక్కాల్సిన దారి ఎంత నిటారుగా ఉందో ఇంత నిజాయితీగా చెప్పే పుస్తకం నాకు మరొకటి దొరకలేదు.

ఆ అంకెను నమ్మి పట్టుకు కూర్చున్న లెక్క ఒకటుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనులను వరుసలో పెట్టే టోపలాజికల్ సార్టింగ్ రెండో అధ్యాయంలో వస్తుంది. పనులు చుట్టూ తిరిగి మళ్లీ మొదటిదాని మీదే ఆధారపడితే వరుస కుదరదు. అప్పుడు ప్రోగ్రామ్ ఊరికే ఆగిపోకుండా ఆ వలయాన్ని చూపించాలి, అదీ లెక్క. అంకె ముప్పై లోపే, నాకు అందుతుందనుకున్నాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. వెనక ఉన్న జవాబు మాత్రం తెరవలేదు. చివరికి తట్టింది: వరుసలో పెట్టగలిగినవన్నీ పెట్టేశాక మిగిలిపోయిన ప్రతి పనికీ, దానికి ముందు పూర్తి కావాల్సింది ఒకటైనా ఆ మిగిలినవాటిలోనే ఉండి తీరుతుంది. ఏదో ఒకదాని దగ్గర మొదలుపెట్టి అలా వెనక్కి నడుస్తూ పోతే, పనులు కొన్నే కాబట్టి, ఎక్కడో ఒకచోట నడిచిన చోటికే మళ్లీ వస్తాం. అదే వలయం.

మూడేళ్ల తర్వాత ఉద్యోగంలో ఒకదాని మీద ఒకటి ఆధారపడే దాదాపు రెండు వందల మాడ్యూళ్లు (విడి భాగాలు) ఉన్న ప్రోగ్రామ్ బిల్డ్ కాకుండా, అంటే అవన్నీ కలిసి నడిచే రూపానికి రాకుండా, ఆగిపోయింది. తప్పుందని తెలిసిందే కాని ఎక్కడో తెలియలేదు. అందరూ ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూస్తుంటే, నేను ఆ వెనక్కి నడిచే పద్ధతిని ముప్పై పంక్తుల ప్రోగ్రామ్‌గా రాశాను. ఐదు మాడ్యూళ్ల వలయం పేర్లతో సహా తెర మీద పడింది. ఆ సంతోషం ఇప్పటికీ నాలో పచ్చగానే ఉంది.

మొదటి పేజీ నుంచి ఒక్క వాక్యం వదలకుండా చదవమని ఒకప్పుడు అందరికీ చెప్పేవాడిని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మిక్స్ అనే ఊహాజనిత కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాములను రెండోసారి చదివేటప్పుడు దాటేశాను, లోటేమీ అనిపించలేదు. 20కి ఇరవై నిమిషాలన్నది కూడా ఆయన కొలత, నాకు గంటన్నర. అందుకే ఆ అంకెలను గడియారంలా చూడడం మానేసి, ఒక లెక్కను మరో లెక్కతో పోల్చుకోవడానికే వాడుతున్నాను.

అప్పట్లో నా సాయంత్రాలు ఖాళీగా ఉండేవి, ఉద్యోగమూ ఇలాంటి పనులు తగిలేదే. మూడు నెలల్లో ఉద్యోగం వెతుక్కోవాల్సినవారి చేతిలో దీన్ని పెట్టను. తీరిక ఉన్నవారు రెండో అధ్యాయం తెరిచి, 20 లోపు లెక్కలు నాలుగు చేసి చూడండి.