చిండిట్ల వైమానిక అధికారి జాడలో: లాలాఘాట్, ఇంఫాల్, ఓర్ఛా

బ్రిటిష్ సైన్యపు చిండిట్ దళాల మాట వస్తే అందరూ వాటి నాయకుడు జనరల్ వింగేట్ దగ్గరే ఆగిపోతారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో జపాన్ సైన్యం వెనక తిరిగే ఆ దళాలకు ఆకాశం నుంచి తిండీ తూటాలూ తెప్పించింది మాత్రం కొన్ని వందల మందితో ఉండే ఒక్కో కాలమ్‌తో నడిచిన వైమానిక దళ అధికారులు. వాళ్లలో పేరున్నవారు రాబర్ట్ థాంప్సన్ (1916–1992). 1943లో మైఖేల్ కాల్వర్ట్ మూడో కాలమ్‌లోనూ, 1944లో 77వ బ్రిగేడ్‌లోనూ పనిచేసి మిలిటరీ క్రాస్, డీఎస్ఓ పతకాలు పొందారు. తర్వాత మలయా తిరుగుబాటు రోజుల్లో ఇంకా పెద్ద పేరు వచ్చింది.

ఆయన పేరున మ్యూజియం కోసం వెతికితే నిరాశే. ఈ యాత్రలో చూడాల్సింది నేల. ఎక్కడ చదునుగా ఉంది, చుట్టూ కొండలెంత ఎత్తు, విమానం ఏ వైపు నుంచి రాగలదు అన్నవి గమనించాలి. అందుకే ఆయన పనేమిటో ముందు తెలుసుకుని వెళ్లాలి.

సరుకులు కావాలంటే వైర్‌లెస్‌లో జాబితా, మ్యాప్ మీద చోటు, సమయం పంపాలి. ఆ సెట్లనూ, బ్యాటరీలు చార్జ్ చేసే ఇంజన్‌నూ కంచర గాడిదలు మోసేవి. నది దాటేటప్పుడు గాడిద కొట్టుకుపోతే కాలమ్‌కు చెవీ నోరూ పోయినట్టే. విమానం వచ్చే వేళకు ఎల్ ఆకారంలో మంటలు వేసేవారు. మందుగుండు పారాచూట్లతో దిగేది. గాడిదల దాణా బస్తాలను పారాచూట్ లేకుండానే విసిరేవారు, కింద మనిషుంటే ప్రాణం పోయేది. 1943 మార్చి చివర్లో వెనక్కి రమ్మని ఆదేశం రాగానే కాలమ్‌లు చిన్న గుంపులుగా విడిపోయాయి, బరువైన సెట్లను వదిలేశాయి. సెట్ లేదంటే సరుకూ లేదు. తిరుగు దారిలో అంతమంది ఆకలితో పోవడానికి ఇదొక ముఖ్య కారణం. వెళ్లిన సుమారు 3,000 మందిలో 2,182 మందే తిరిగొచ్చారు.

లాలాఘాట్ అస్సాంలోని హైలాకాండి జిల్లాలో ఉంది. మా లెక్కలో ఈ యాత్రకు గుండెకాయ ఇదే, సౌకర్యాల్లో మాత్రం అడుగున. చిండిట్ల రెండో దాడికి 1944 మార్చి 5 సాయంత్రం గ్లైడర్లు (ఇంజన్ లేని విమానాలు) లేచింది ఈ పచ్చిక మైదానం నుంచే. బయల్దేరే ముందు వచ్చిన ఫొటోలో బర్మాలో పికడిలీ అనే దిగే చోటంతా టేకు దుంగలు కనిపించాయి. దాంతో అందరినీ బ్రాడ్‌వే అనే రెండో చోటికి మళ్లించారు. ఒక్కో డకోటా విమానం రెండేసి గ్లైడర్లను లాగింది. కొండలు దాటేందుకు ఎత్తుకు ఎక్కుతుంటే, మోయాల్సినదానికన్నా ఎక్కువ బరువుతో నైలాన్ తాళ్లు తెగాయి. బయల్దేరిన 67లో చేరింది సుమారు సగమే. దిగిన చోట దుంగలు లాగిన గాడులు గడ్డి కింద కనపడక చక్రాలు విరిగాయి. విరిగిన గ్లైడర్‌ను పక్కకు జరిపేలోపే వెనకది వచ్చి గుద్దేది. చేటు జరిగిందంటే ‘సోయా లింక్’, అంతా బాగుంటే ‘పోర్క్ సాసేజ్’ అని సంకేతం. సైనికులకు సోయా సాసేజ్ అంటే ఎంత రోతో దీన్నిబట్టి తెలుస్తుంది! ఆ రాత్రి ముందు ‘సోయా లింక్’ వచ్చింది, మర్నాడు ‘పోర్క్ సాసేజ్’. ఆ తర్వాత కొద్ది రోజుల్లో బ్రాడ్‌వే, చౌరంగీ అనే రెండు దిగుడు చోట్లకు కలిపి 9,052 మంది, 1,183 కంచర గాడిదలు చేరాయి.

ఇక్కడికి సిల్చర్‌లో బస చేసి పగటిపూట కారులో వెళ్లిరావడం మేలు. హైలాకాండి, లాలా ఊళ్లలో బస కోసం వెతకొద్దు. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరాలి. డ్రైవర్‌కు బెంగాలీ రావడం ముఖ్యం. ‘పాత విమానాల మైదానం’ అని అడగాల్సింది టీ తోటల పక్క ఊళ్లలోని పెద్దవాళ్లని. గువాహటి నుంచి రైలు ఉంది కానీ లమ్డింగ్–బదర్‌పూర్ కొండ మార్గం వానాకాలంలో కొండచరియలు పడి ఆగిపోతుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు విమానమే నమ్మకం.

ఇంఫాల్‌లో బస, తిండి, రవాణా అన్నీ దొరుకుతాయి. చింగ్‌మైరోంగ్ వైపు పెద్ద హోటళ్లున్నాయి. శాకాహారులు ఎరోంబా అనే మణిపురి వంటకం తినే ముందు అడగండి, అందులో పులియబెట్టిన చేప నగారి కలుపుతారు. ఇంఫాల్ వార్ సెమెటరీలో 1,600 సమాధులు, ఇండియన్ ఆర్మీ వార్ సెమెటరీలో 828. రెండూ వేర్వేరు చోట్ల, ఆటోవాడికి పూర్తి పేరు చెప్పకపోతే ఒకదానికి బదులు మరొకదానికి తీసుకెళ్తాడు. బర్మాలో జాడ తెలియకుండా పోయిన చిండిట్ల పేర్లు యాంగోన్ దగ్గరి తౌక్యాన్ స్మారకం మీదున్నాయి, ఇక్కడ వెతికితే దొరకవు. వింగేట్ సమాధీ ఇక్కడ లేదు. 1944 మార్చి 24న బిష్ణుపూర్ దగ్గరి కొండల్లో విమానం కూలి చనిపోయిన ఆయన అవశేషాలను 1950లో అమెరికాలోని ఆర్లింగ్టన్‌కు మార్చారు. మైబం లోక్పాచింగ్ దగ్గరి ఇంఫాల్ పీస్ మ్యూజియం (2019) బాగుంటుంది కానీ అది ఇంఫాల్ పోరు కథ, చిండిట్లది కాదు. యుద్ధకాలపు కోయిరెంగేయ్ ఎయిర్‌ఫీల్డ్ ఊరికి ఉత్తరాన ఉంది, దానికి ఒక గంట చాలు.

ఓర్ఛా అన్నిటికన్నా సులువు. 1943 చివర్లో చిండిట్ల శిక్షణ ఝాన్సీ, ఓర్ఛా చుట్టుపక్కలే జరిగింది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఝాన్సీలో ఆగుతుంది, అక్కడి నుంచి ఆటోలో అరగంట పైచిలుకు. మధ్యప్రదేశ్ టూరిజం వారి షీష్ మహల్, బేత్వా రిట్రీట్ హోటళ్లు రెండింట్లో బేత్వా ఒడ్డున ఉన్నదే నయం. యుద్ధపు ఆనవాళ్లు మాత్రం ఆశించొద్దు. అలాగే 1942లో వింగేట్ దగ్గరికి వెళ్లేముందు చిండిట్లలో చేరిన బ్రిటిష్ 13వ కింగ్స్ బెటాలియన్ సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉండేది, కానీ అక్కడి సైనిక స్థలాల లోపలికి పోనివ్వరు.

బర్మా వైపు మావ్లూ, ఇందా, కథా ఊళ్లను 2021 నుంచి సాగుతున్న పోరు వల్ల జాబితాలోంచి తీసేయండి. మణిపూర్‌కు భారతీయులకూ ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, కాగితం ప్రింట్ తీసుకుని దగ్గరుంచుకోండి. విదేశీ పాస్‌పోర్టున్న తెలుగువారికి 2024 డిసెంబర్ నుంచి ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ మళ్లీ తప్పనిసరైంది. 2023 మే నాటి గొడవల తర్వాత లోయ దాటి కొండల వైపు వెళ్లే దారులు ఎప్పుడు తెరిచుంటాయో హోటల్‌వారినీ, డ్రైవర్‌నీ ముందు రోజే అడగాలి. సిల్చర్, ఇంఫాల్ రెండూ చూడదలిస్తే జిరిబామ్ మీదుగా రోడ్డున పోవద్దు, విమానం పట్టుకోండి.