బరంపురమా, పర్లాకిమిడా?

ఒడిశా సరిహద్దును తొలిసారి చూడవచ్చే చుట్టాలు నన్నడిగే ప్రశ్న ఇదే. చేతిలో ఒక్క రోజే ఉంటుంది మరి.

పట్టుచీరలు, సముద్రం కావాలంటే బరంపురం. గుడి గోపురాల వరసలా నేసిన ఆ చీర అంచును వేలితో తడిమి చూడండి, కొనకుండా రాలేరు. గోపాల్‌పూర్ తీరం కూడా దగ్గరే. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతర సమయమైతే ఇక ఆలోచించనక్కర్లేదు. మామూలు రోజుల్లో మాత్రం రద్దీకే సగం ఓపిక అయిపోతుంది.

నా మొగ్గు పర్లాకిమిడికి. ఇక్కడ నిదానంగా నడవాలి. గజపతుల కోట బయటినుంచి చూసినా చాలు. బజారులో ఒకాయన గేదె కొమ్మును సెగకు మెత్తబరచి, వంచి, అరగదీసి కొంగను చేస్తుంటే అరగంట నిలబడిపోయాను. బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగింది. గిడుగు రామమూర్తి బడిపంతులుగా పనిచేసిందీ, సవర భాష నేర్చుకున్నదీ ఈ ఊళ్లోనే. 1936లో ఊరు ఒడిశాలో చేరాక ఆయన రాజమండ్రికి వెళ్లిపోయారు.

సముద్రం లేదని పిల్లలు సణుగుతారు. వాళ్లు వెంట ఉంటే బరంపురమే నయం.