ఫారెన్‌హీట్ 451: రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివితే (4.5/5)

రే బ్రాడ్‌బరీ 1953లో తెచ్చిన నవల ఇది, మొదటిసారి కథ కోసం గబగబా చదివేశా, ఈసారి ఎక్కడ దేన్ని దేనితో పోల్చాడో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివా, అప్పుడు గానీ దీని అసలు రుచి తెలీలేదు.

కథలో ఫైర్‌మెన్ మంటలు ఆర్పరు, పుస్తకాలు దొరికిన ఇళ్ళని తగలబెడతారు, మోంటాగ్ వాళ్ళలో ఒకడు. మొదటి పేరాలోనే అతని చేతిలోని కిరోసిన్ పైపు విషం కక్కే కొండచిలువ అంటాడు రచయిత (కొండచిలువకి విషం ఉండదు కదా, అది మాత్రం నాకు అడ్డం పడింది). ఆ రాత్రే ఇంటికెళ్తే భార్య మిల్డ్రెడ్ నిద్రమాత్రలు మింగి పడుంటుంది, కడుపు కడిగే మెషీన్ గొట్టం నల్ల తాచులా, నూతిలోకి దిగినట్టు లోపలికి దిగుతుంది. ఊరి ఇళ్ళ మీదకి వదిలిన పామే తన ఇంట్లోకి కూడా వచ్చిందన్నమాట! రచయిత ఈ ముక్క ఎక్కడా విడమర్చి చెప్పడు, ఆ రెండు పోలికలే చెప్పేస్తాయి.

పుస్తకాలేమో పావురాలు, మంటల్లో రెక్కలు కొట్టుకుని చచ్చిపోతాయి. అదే మిల్డ్రెడ్ కళ్ళు రెండు చంద్రకాంత శిలలట. మన కావ్యాల్లో ఆ రాయి వెన్నెల తగిలితే కరుగుతుంది, ఇక్కడ మాత్రం వాగు అడుగున పడున్న రాళ్ళు, లోకమంతా పైనుంచి పారుతున్నా వాటికి తగలదు. పైపులకీ కాగితాలకీ ప్రాణం ఉంది, మనిషికి లేదు, ఇది చదివి కాసేపు పుస్తకం మూసేశా.

అన్నిటికన్నా నాకు నచ్చింది జల్లెడ. మోంటాగ్ చిన్నప్పుడు సముద్రం ఒడ్డున ఒక కజిన్ జల్లెడ నిండా ఇసుక నింపితే పది సెంట్లు ఇస్తానంటాడు, ఎంత గబగబా పోస్తే అంత గబగబా కారిపోతుంది. పెద్దయ్యాక రైల్లో బైబిల్ వాక్యాలు బుర్రలో పెట్టుకుందామని చూస్తుంటే స్పీకర్లో టూత్‌పేస్ట్ యాడ్ మోగుతూనే ఉంటుంది, మాటలు అలాగే జారిపోతాయి. స్కూల్లో ఉపమానం, ఉపమేయం అని బట్టీపట్టినదానికి ప్రాణమొచ్చినట్టు అనిపించింది.

లోపం లేదని కాదు, కొన్ని పేరాల్లో ఒకే వాక్యంలో మూడు పోలికలు కుక్కేశాడు, స్పీడుగా సాగే కథ కావాలనుకునేవాళ్ళకి కష్టమే, అర మార్కు తగ్గించింది అందుకే. కానీ చివరి భాగంలో మోంటాగ్ దూరంగా ఒక చలిమంట చూసి, ఇది కాల్చట్లేదు, వెచ్చదనం ఇస్తోంది అని గుర్తుపట్టే చోటు ఉంది చూడండి, మొదటి పేరాలో అదే మనిషికి కాల్చడం ఎంత ఆనందమో గుర్తుంచుకుని అక్కడికి రండి.