యాన్సెల్ ఆడమ్స్ ప్రింట్లు చూసి యోసెమిటీకి వెళ్లిన ప్రయాణం

2023 జూన్‌లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో ప్రసిద్ధ అమెరికన్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ ఛాయాచిత్రాల ప్రదర్శన జరుగుతోందని తెలిసి, ఆయన జీవితమంతా చిత్రించిన కొండలోయల జాతీయ పార్కు యోసెమిటీకి ముందే అనుకున్న ప్రయాణాన్ని దాని తరువాతికి మార్పించాను. నలభై ఏళ్ల కిందట గుంటూరులో ఒక స్టూడియో చీకటి గదిలో ఎన్‌లార్జర్ (నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే దీపపు పరికరం) ముందు నిలబడి ఫోటోలు కడగడం నేర్చుకున్నవాణ్ణి. ఆడమ్స్ చిత్రాలను పుస్తకాల్లోనూ క్యాలెండర్లలోనూ ఎన్నోసార్లు చూశాను గాని, ఆయన స్వయంగా తయారు చేసిన ప్రింటు ఒక్కటీ అంతవరకు నా కంటపడలేదు.

ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైలులో గ్లెన్ పార్క్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడ 44 నంబరు బస్సు ఎక్కితే గోల్డెన్ గేట్ పార్కులో మ్యూజియం దగ్గరే దిగవచ్చు. కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కునే శ్రమ ఉండదు కనుక పెద్దవాళ్లకు ఈ దారే మేలని నా అభిప్రాయం. ప్రత్యేక ప్రదర్శనకు టికెట్టు వేరుగా తీసుకోవాలి. పైనుంచి నగరాన్ని చూపించే మ్యూజియం టవర్‌కు మాత్రం టికెట్టు అక్కరలేదు. మేము వారం మధ్యలో, తలుపులు తెరిచే వేళకే వెళ్లడం వల్ల ఒక్కొక్క ప్రింటు ముందు కావలసినంత సేపు నిలబడగలిగాము.

నన్ను మొదట ఆశ్చర్యపరిచింది ప్రింట్ల పరిమాణం. గోడంత పోస్టర్లను చూసి అలవాటుపడిన కంటికి, 1920ల నాటి ప్రింట్లు నోటు పుస్తకం అట్టకు మించనివిగా, కొంచెం గోధుమ ఛాయ కలిసిన మెత్తని నలుపుతో కనిపించాయి. వాటికి దగ్గరగా వెళ్లి, శుభలేఖ చదివినట్టు చదువుకోవాలి. దశాబ్దాలు గడిచేకొద్దీ ప్రింట్లు పెద్దవయ్యాయి, నిగనిగలాడే కాగితం వచ్చింది, తెలుపు నలుపుల మధ్య దూరం పెరిగింది.

1927 ఏప్రిల్ 10న ఆడమ్స్ యోసెమిటీలోని హాఫ్ డోమ్ కొండ ముఖాన్ని తీసిన చిత్రం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ రోజు కొండెక్కేసరికి ఆయన దగ్గర ఫిల్ముకు బదులుగా వాడే గాజు ప్లేట్లు రెండే మిగిలాయి. మొదటి దానిని పసుపు ఫిల్టర్‌తో తీసి, అది తన మనసులో మెదిలిన దృశ్యాన్ని ఇవ్వదని అనుమానించి, రెండో దానికి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టారు. నీలాకాశం దాదాపు నల్లబడింది. ఈ కథ నాకు ముందే తెలుసు. అయితే ఆ నలుపులో కూడా రాతి గరుకుతనం మిగిలి ఉండడం, మంచు తెలుపు ఎక్కడా వట్టి కాగితంగా తేలిపోకపోవడం అచ్చు పుస్తకం చూపించలేకపోయిన సంగతులు. సిరా కాగితం పైన ఆగిపోతుంది, వెండి రేణువులు కాగితం మీది జెలటిన్ పొరలోనే ఉంటాయి. నలుపుకు లోతు వచ్చేది అందువల్లనే.

యవ్వనంలో పియానో విద్వాంసుడు కావాలని సాధన చేసిన ఆడమ్స్, నెగటివ్‌ను స్వరలిపితోనూ ప్రింటును కచేరీతోనూ పోల్చేవారు. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర తీసిన చంద్రోదయం నెగటివ్ నుంచి ఆయన వెయ్యికి పైగా ప్రింట్లు తీశారు. తొలినాళ్ల ప్రింట్లలో ఆకాశంలో మబ్బుల చారలు ఉంటే, తరువాతి ప్రింట్లలో అది చిక్కటి నలుపుగా మారింది. ఎన్‌లార్జర్ కింద ఒకచోట చేతితో వెలుతురును అడ్డుకోవడం, మరొకచోట ఎక్కువసేపు పడనివ్వడం ఎంత ఓపికతో కూడిన పనో నాకు తెలుసు కనుక, ఒకే కీర్తనను ఒక గాయకుడు జీవితమంతా కొత్తగా పాడిన తీరు అని ఆ మాటను అర్థం చేసుకున్నాను.

అదే ప్రదర్శనలో నేటి కళాకారుల పనీ ఉంది. బిన్ డాన్ అనే కళాకారుడు పాతకాలపు డాగెరోటైపు పద్ధతిలో, అద్దంలా మెరిసే వెండి పలకల మీద చేసిన యోసెమిటీ చిత్రాలలో చూసేవారి ముఖం కూడా లోయతో పాటు ప్రతిఫలిస్తుంది. మిగిలిన కొన్ని ఆధునిక చిత్రాలు నన్ను అంతగా ఆకట్టుకోలేదు.

రెండు రోజుల తరువాత కారులో యోసెమిటీ దారిలోని మారిపోసా అనే ఊరు చేరి, ఒక మోటెల్‌లో దిగాము. గది శుభ్రంగానే ఉంది గాని, కిటికీ ఏసీ రాత్రంతా హోరుమంది, ఉదయం ఏడు గంటల లోపు కాఫీ కూడా ఇవ్వలేమన్నారు. మా ఆవిడ వెంట తెచ్చిన పులిహోర, చిన్న రైస్ కుక్కర్ మమ్మల్ని ఆదుకున్నాయి. లోయలోపలి బసకు అద్దె చాలా ఎక్కువ, నెలల ముందే నిండిపోతుంది. అయినా తెల్లవారుజాము వెలుతురు కావలసినవారు ఒక్క రాత్రికైనా అక్కడ ఉండడమే మంచిది. కారు లేనివారికి మెర్సెడ్ నుంచి మారిపోసా మీదుగా వచ్చే యార్ట్స్ బస్సు ఉంది, మేము వెళ్లిన నాటికి దాని టికెట్టులోనే పార్కు ప్రవేశ రుసుము కలిసి ఉండేది.

యోసెమిటీ విలేజ్‌లోని యాన్సెల్ ఆడమ్స్ గ్యాలరీ, ఆయన మామగారు హ్యారీ బెస్ట్ 1902లో స్థాపించిన స్టూడియోయే. ప్రవేశం ఉచితం. ఆడమ్స్‌కు సహాయకుడిగా పనిచేసిన అలన్ రాస్ అసలు నెగటివ్‌ల నుంచి చీకటి గదిలోనే తీసిన ప్రింట్లు ఇక్కడ కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. ఆడమ్స్ స్వయంగా తీసిన ప్రింట్ల ధర మనబోటివారికి అందేది కాదు. మ్యూజియంతో పోలిస్తే ఇక్కడ చూడగలిగేవి తక్కువే, కాని తలుపు దాటి బయటికి వస్తే ఆ చిత్రాల్లోని కొండలే ఎదురుగా ఉంటాయి.

ఆ ఏడాది మంచు విపరీతంగా కురిసినందున 739 మీటర్ల యోసెమిటీ జలపాతం హోరు చాలా దూరం వినిపించింది. సాయంత్రం లోయంతా కనిపించే టన్నెల్ వ్యూ అనే చోట జనం ఫోటోలు తీసుకుని వెళ్లిపోతున్నా నేను కదలలేదు. ఎల్ కాపిటన్ అనే నిలువు కొండ మీద నీడ పైకి పాకుతుంటే, ఈ దృశ్యాన్ని ప్రింటు చేస్తే ఆడమ్స్ వెలుతురును ఎక్కడ ఆపేవారో, ఎక్కడ ఎక్కువసేపు పడనిచ్చేవారో లెక్కవేసుకుంటూ, చీకటి పడి మా అబ్బాయి పిలిచేదాకా అక్కడే ఉన్నాను.