సొంతంగా తయారు చేసుకున్న ఆబ్జెక్టివ్2 హెడ్‌ఫోన్ యాంప్: హనుమకొండ నుంచి ఒక రివ్యూ

మీ హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లదై (ఓమ్ అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు కొలత, అది పెరిగేకొద్దీ ఎక్కువ వోల్టేజ్ కావాలి), ఫోన్‌కి పెట్టగానే సగం వాల్యూమ్‌లోనే చెవులు నిండుతుంటే ఈ యాంప్, అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌ని పెంచే పెట్టె, మీకు అక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంకో మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి, తేడా వెంటనే తెలుస్తుంది. 80 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కైనా ఇప్పుడు దొరికే 2 వోల్టుల యూఎస్‌బీ డాంగిల్ (ఫోన్‌కి గుచ్చే చిన్న హెడ్‌ఫోన్ అడాప్టర్) సరిపోతుంది. 250, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఇష్టపడి కొనుక్కుని, సౌండ్ సన్నగా వస్తోందని బాధపడుతున్నవాళ్లు, సోల్డరింగ్ కాస్త వచ్చినవాళ్లు మాత్రం ఆబ్జెక్టివ్2 తయారు చేసుకోండి. అందరూ ఓ2 అనేది దీన్నే. నేను ఏడాది పైగా రోజూ వాడుతున్నాను.

నాకు దీని అవసరం ఎలా వచ్చిందంటే, నేను ఊళ్లలో ఒగ్గు కథలు, శారద కథలు, బతుకమ్మ పాటలు రికార్డు చేస్తాను. ఐనవోలు మల్లన్న జాతరకు తప్పకుండా వెళ్తాను, జనగామ వైపు ఒగ్గు బృందాలు పిలిచినప్పుడల్లా పోతాను. ఇంటికొచ్చాక రాత్రిళ్లు కూర్చుని శుభ్రం చేసుకోవాలి. పక్క గదిలో పిల్లలు పడుకుంటారు కాబట్టి స్పీకర్లు పెట్టే వీలు లేదు. నా హెడ్‌ఫోన్ బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 250 ఓమ్‌ల మోడల్. చెవుల్ని పూర్తిగా మూసేస్తుంది కాబట్టి జాతరలో కూడా పనికొస్తుంది. కానీ లాప్‌టాప్‌కి నేరుగా పెడితే కథకుడు గొంతు తగ్గించి చెప్పే చోట మాటలు అందవు.

లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. ఈ హెడ్‌ఫోన్‌కి 1 మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్స్ వస్తాయి. 250 ఓమ్‌లలో 1 మిల్లీవాట్ అంటే 0.5 వోల్టు. ఒగ్గు డోలు మీద గట్టి దెబ్బ పడినప్పుడు ఆ ఒక్క క్షణం 110 డెసిబెల్స్ దాకా అందాలంటే ఇంకో 14 డెసిబెల్స్ కావాలి, అంటే 25 రెట్ల పవర్, 5 రెట్ల వోల్టేజ్. మొత్తం 2.5 వోల్టులు. మామూలు ఫోన్, లాప్‌టాప్ ఇచ్చేది 1 వోల్టు దగ్గర ఆగిపోతుంది. (110 అన్నది దెబ్బ పడే క్షణానికే. అంత సౌండ్‌లో ఎడతెగకుండా వింటే చెవులు పాడవుతాయి, దయచేసి వినకండి.) మీ హెడ్‌ఫోన్‌కి కూడా ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి. సగం మంది విషయంలో యాంప్ కావాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఈ దారిలోకి వచ్చే ప్రతివాళ్లకీ ముందు కనిపించేది సీమోయ్. 1990ల చివర్లో చు మోయ్ ప్రచురించిన చిన్న సర్క్యూట్ అది. ఒక డ్యూయల్ ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే భాగాలు రెండున్న చిప్), కొన్ని రెసిస్టర్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ, పిప్పరమెంట్ల డబ్బాలో పట్టేస్తుంది. నేనూ దానితోనే చేతికి అలవాటు చేసుకున్నాను. సోల్డరింగ్ నేర్చుకోవడానికి ఇప్పటికీ నేను ఇంతకన్నా మంచిది చెప్పను. ఇయర్‌ఫోన్స్‌కి కూడా బాగుంటుంది, కాకపోతే అసలు డిజైన్‌లోని 11 రెట్ల గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) వాటికి మరీ ఎక్కువ. 1 కిలో ఓమ్ రెసిస్టర్ బదులు 4.7 కిలో ఓమ్ పెడితే గెయిన్ 3 దగ్గరికి వస్తుంది, వెనకాల ఉస్సుమనే శబ్దం కూడా తగ్గుతుంది. అయితే ఒక్క 9 వోల్టుల బ్యాటరీని సగానికి చీల్చి వాడుతుంది కాబట్టి, ఆప్‌యాంప్ తినేది పోగా మిగిలేది 2 వోల్టుల చిల్లర. బ్యాటరీ దిగేకొద్దీ అదీ తగ్గుతుంది. నా 2.5 వోల్టుల లెక్కకి అది చాలదు.

ఓ2 వేరే తరహా. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసిన ఒకాయన దీన్ని డిజైన్ చేసి, కొలతలన్నీ వేసి, సర్క్యూట్, బోర్డు ఫైళ్లు అందరికీ ఇచ్చేశాడు. అసలు పేరు ఎప్పుడూ చెప్పలేదు, 2012 తర్వాత రాయడమే ఆపేశాడు. కానీ ఆయన పెట్టిన డిజైన్ మాత్రం అలాగే ఉంది. ఎవరైనా తయారు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, మార్చి పంచకూడదు అన్నదే షరతు. ఇందులో గెయిన్‌కి ఎన్‌జేఎం2068, హెడ్‌ఫోన్‌ని నడపడానికి రెండు ఎన్‌జేఎం4556ఏ చిప్‌లు ఉంటాయి. పేరు మోసిన చిప్ పెడితేనే సౌండ్ బాగుంటుందని నమ్మేవాళ్లు ఈ 4556 పీకేసి ఓపీఏ2134 పెడుతుంటారు. అలా చెయ్యకండి. 4556 ఒక్కో భాగం 70 మిల్లీఆంప్స్ ఇస్తుంది, ఒక్కో ఛానల్‌కి అలాంటివి రెండు కలిసి పనిచేస్తాయి. ఓపీఏ2134 అందులో సగం దగ్గరే అలిసిపోతుంది. ఇక్కడ కావాల్సింది ఆ కరెంటే. యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకి యాంప్ వైపు నుంచి ఉండే అడ్డు) కూడా అర ఓమ్ దగ్గర ఉంటుంది కాబట్టి తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెట్టినా దాని గుణం మారదు.

ఇక కరెంటు విషయం. మన దగ్గర చేసుకునేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే. ఓ2కి ఏసీ అడాప్టర్ కావాలి. మన షాపుల్లో అడాప్టర్ అంటే డీసీదే ఇస్తారు, ఏసీ ఇచ్చేది దొరకడం కష్టం. నేను వరంగల్‌లో ఒక మోటార్ వైండింగ్ షాపుకి వెళ్లాను. స్టెబిలైజర్లకు కూడా ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే షాపది. “12 వోల్టులది రెడీగా ఉంది మేడమ్, తీస్కపోండ్రి” అన్నాడు ఆ అన్న. నేను 15 వోల్టులదే చుట్టివ్వమన్నాను.

ఎందుకంటే మా అమ్మవాళ్ల ఊరు పరకాల దగ్గర. పొలాల్లో మోటార్లన్నీ నడిచే వేళ ఇంట్లో మల్టీమీటర్ పెడితే 180 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 230కి 12 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 180కి 9.4 ఇస్తుంది. ఏసీ శిఖరం ఆ అంకెకి 1.4 రెట్లు ఉంటుంది కాబట్టి, డయోడ్ (ఏసీని డీసీ చేసే భాగం) దాటాక కెపాసిటర్ మీద నిలిచేది 12.6 వోల్టులే. లోపలున్న 7812 రెగ్యులేటర్ 12 వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే దానికి కనీసం 14 కావాలి. అది అందకపోతే రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, హెడ్‌ఫోన్‌లో గుయ్యిమని హమ్ మొదలవుతుంది. అదే 15 వోల్టులదైతే 180 దగ్గర కూడా దాదాపు 16 మిగులుతుంది. రాత్రి లోడ్ తగ్గి 250కి ఎక్కినా 22 వోల్టుల చిల్లర, లోడ్ లేని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది. అందుకే కెపాసిటర్లు 35 వోల్టులవే వాడాలి, షాపులో 25వి ఇస్తానంటే ఒప్పుకోకండి. హనుమకొండలో కరెంటు బాగానే ఉంటుంది, 12తో కూడా నడిచిపోతుంది. కానీ ఒకసారి డబ్బు పెట్టి చుట్టించుకునేటప్పుడు ఊరికి తీసుకెళ్లినా పనిచేసేలా చేయించుకోవడమే మంచిది. ప్రైమరీ (230 వోల్టులు వచ్చే) వైపు ఫ్యూజ్ వేసి, ట్రాన్స్‌ఫార్మర్‌ని యాంప్‌లో కాకుండా వేరే డబ్బాలో పెట్టించండి. 230 వోల్టుల వైరు ఏదీ బయటికి కనపడకూడదు. ఇది మీకు కొత్త అయితే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

విడిభాగాల సంగతి తొందరగా చెప్తాను. రెసిస్టర్లు, డయోడ్లు, 7812, 7912 (-12 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్), ఐసీ బేస్‌లు (చిప్‌లు గుచ్చే సాకెట్లు), సోల్డరింగ్ లెడ్ తీగ హనుమకొండ చౌరస్తా వైపు బీటెక్ ప్రాజెక్టుల సామాను అమ్మే షాపుల్లో దొరికాయి. రెసిస్టర్లు 1 శాతం మెటల్ ఫిల్మ్ అడగండి. రెండు ఛానల్స్ సమానంగా ఉండాలంటే అదే ముఖ్యం. 4556, 2068, రెండు మాస్‌ఫెట్‌లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు), ఆల్ప్స్ వాల్యూమ్ పాట్ (తిప్పి సౌండ్ పెంచే భాగం) మాత్రం మౌసర్ అనే ఆన్‌లైన్ షాపు నుంచి తెప్పించుకున్నాను. పాట్ దగ్గర పొదుపు చెయ్యకండి, చవక రకం పాట్ తక్కువ వాల్యూమ్‌లో ఒక చెవికే పాడుతుంది. పెట్టె, బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలిపి నాకు 5,000 రూపాయల లోపే అయ్యింది.

చిప్‌లు నమ్మకమైన చోట కొనమని అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సీమోయ్ కోసం ఆన్‌లైన్‌లో ఒకచోట చవగ్గా కొన్న ఓపీఏ2134 నకిలీది వచ్చింది. పైన అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చౌరస్తా షాపు తమ్ముడికి చూపిస్తే, “గివి డూప్లికేట్లు బాగ వస్తున్నయ్ అక్కా, మీద ప్రింట్ జూసి ఏం జెప్పలేం” అన్నాడు. ప్రింట్ చెప్పకపోయినా మల్టీమీటర్ చెప్తుంది. అసలు ఓపీఏ2134 ఇన్‌పుట్ పిన్ తీసుకునే కరెంటు పికోఆంప్స్‌లో ఉంటుంది, అంటే లేనట్టే. చవక చిప్ మీద ఈ పేరు ముద్రించి అమ్మేస్తారు. ఎన్ఈ5532 లాంటిదైతే 200 నానోఆంప్స్ తీసుకుంటుంది. సీమోయ్ ఇన్‌పుట్‌లో ఉన్న 100 కిలో ఓమ్‌ల మీద అది 20 మిల్లీవోల్టులు, 11 రెట్ల గెయిన్ దాటాక 220. పాట ఏదీ పెట్టకుండా అవుట్‌పుట్ జాక్ దగ్గర డీసీ కొలవండి. అసలుదైతే కొన్ని మిల్లీవోల్టులే చూపిస్తుంది, నాది 200 దాటింది. అంత డీసీ హెడ్‌ఫోన్ కాయిల్‌లోకి పోనివ్వకూడదు.

ఓ2కి కూడా ఈ కొలత తప్పదు. నేను చేసిన వరుస ఇది: చిప్‌లు లేకుండా బేస్‌లు మాత్రమే సోల్డర్ చేసి పవర్ ఇచ్చి, రెగ్యులేటర్ల తర్వాత +12, -12 వస్తున్నాయో లేదో చూశాను. తర్వాత చిప్‌లు గుచ్చి అవుట్‌పుట్ డీసీ కొలిచాను. రెండు మూడు మిల్లీవోల్టులు ఉంటే బాగున్నట్టే, 20 దాటితే ఆపి టంకాలు మళ్లీ చూసుకోవాలి. మొదటిసారి వినడం పాత ఇయర్‌ఫోన్స్‌తోనే. మాస్‌ఫెట్‌లు స్టాటిక్‌కి చచ్చిపోతాయి కాబట్టి అవి సోల్డర్ చేసేరోజు పాలిస్టర్ చీర కట్టుకోకండి. ఆ రెండూ చేసే పని చాలా ముఖ్యమైనది. ఓ2 అడాప్టర్ లేకుండా రెండు 9 వోల్టుల బ్యాటరీలతో కూడా నడుస్తుంది: ఒక బ్యాటరీ ముందు దిగిపోయినా రెండు వైపులా కలిపి ఆపేస్తాయి, హెడ్‌ఫోన్‌కి డీసీ దెబ్బ తగలదు.

వాడకంలో తెలుసుకోవాల్సినది గెయిన్ సంగతి. ఓ2లో గెయిన్ ముందు, వాల్యూమ్ తర్వాత. దానివల్ల నాయిస్ తక్కువ, కానీ గెయిన్ దగ్గరే సిగ్నల్ పగిలిపోతే వాల్యూమ్ తగ్గించినా లాభం లేదు, చెరువు కట్ట మీద నుంచి నీళ్లు పొర్లాక కింద తూము మూసినట్టే. అసలు డిజైన్‌లో గెయిన్ 2.5, 6.5. 2 వోల్టులు ఇచ్చే డ్యాక్ (డిజిటల్ పాటని హెడ్‌ఫోన్ సిగ్నల్‌గా మార్చే పరికరం) ఉన్నవాళ్లు 6.5 నొక్కితే 13 వోల్టులు కావాలి, ఈ యాంప్ 7 దగ్గరే ఆగిపోతుంది. డోలు దెబ్బ పగిలి వినిపించేది అందుకే. అలాంటి డ్యాక్ ఉంటే 1, 2.5 గెయిన్‌లకు రెసిస్టర్లు పెట్టుకోండి. నా రికార్డర్ అవుట్‌పుట్ తక్కువ కాబట్టి నేను 2.5, 6.5 అలాగే ఉంచాను.

సౌండ్ ఎలా ఉందంటే, దానికంటూ సొంత రుచి ఏదీ లేదు. నాకు కావాల్సిందీ అదే. డోలు ఎడమ చెయ్యి దెబ్బ ఇప్పుడు వదులుగా గుమ్మనకుండా గట్టిగా పడుతుంది, తాళాలు దానిలో కలిసిపోకుండా విడిగా వినిపిస్తాయి. కథకుడు ఊపిరి పీల్చుకునే చోటు తెలుస్తుంది, అక్కడ కట్ చెయ్యకూడదని తెలుస్తుంది. రికార్డింగ్‌లో ఉన్న ఉస్సు రికార్డర్‌దని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను, ఎందుకంటే పాట ఆపితే యాంప్ నుంచి ఏమీ వినపడదు. పాత రికార్డింగులు మళ్లీ విని, నేను నాయిస్ తీసేశాననుకుంటూ గజ్జెల శబ్దం కూడా తీసేసిన చోట్లు వెతికి సరిచేస్తున్నాను.

నచ్చనివీ ఉన్నాయి. పవర్ జాక్‌తో సహా అన్నీ ముందు వైపే ఉంటాయి, టేబుల్ మీద వైర్లు అడ్డం పడతాయి. 3.5 ఎంఎం జాక్‌లే ఉంటాయి, పెద్ద ప్లగ్ ఉన్న హెడ్‌ఫోన్‌కి కన్వర్టర్ కావాలి. బ్యాటరీలు మార్చాలంటే పెట్టె విప్పాలి. ఆ బ్యాటరీలు 9 వోల్టుల రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్‌వే అయ్యుండాలి, మామూలు బ్యాటరీలు పెట్టి అడాప్టర్ గుచ్చితే వాటిని కూడా చార్జ్ చెయ్యబోతుంది, అది ప్రమాదం. మంచివి పెడితే ఏడెనిమిది గంటలు వస్తుంది. జాతరలో ఒక రాత్రి కథకి సరిపోతుంది, జనరేటర్ పక్కన రికార్డు చేసేటప్పుడు ఆ వైరు అసలు ముట్టుకోనక్కర్లేదు కూడా.

పెట్టెకి అల్యూమినియం వాడండి, ప్లాస్టిక్‌లో పెడితే పక్కన ఫోన్ మోగబోయే ముందు టకటకమని శబ్దం వస్తుంది. నేను ముందు పలక మాత్రం పెంబర్తిలో ఇత్తడి రేకుతో చేయించుకున్నాను. దానికీ గ్రౌండ్ వైరు కలపాలి. చిప్‌లు తెప్పించేటప్పుడు 4556 ఇంకో జత ఎక్కువ వేసుకోండి, ఇక్కడ షాపుల్లో అది దొరకదు.