సగం పేర్లతో కొటేషన్ ఇస్తే డబ్బు కట్టకండి: గేమింగ్ పీసీ కొనబోయేవాళ్లకు హెచ్చరిక

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగినా పర్వాలేదు. షాపువాళ్లు ఇచ్చే కొటేషన్‌లో "ఆర్‌ఎక్స్ 580 8జీబీ", "550 వాట్ ఎస్‌ఎంపీఎస్", "16జీబీ ర్యామ్" అని మాత్రమే ఉంటే పైసా కట్టకండి (ఆర్‌ఎక్స్ 580 అనేది గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె). ప్రతి సామానుకూ కంపెనీ పేరు, మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రాయించుకోండి. నేను రాయించుకోలేదు. యాభై వేలు పోసి కొన్న కంప్యూటర్ పదకొండో రోజున కాలిన వాసన కొట్టింది.

నేను హనుమకొండలో ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మోడల్ నంబరు లేని బిల్లు నా టేబుల్ మీదికి వస్తే వెనక్కి తిప్పి పంపడమే నా ఉద్యోగం. ఇంటికి కొనేటప్పుడు ఆ బుద్ధిని ఏ గట్టున పెట్టి వచ్చానో నాకే తెలియదు. తమ్ముడికి ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. కంప్యూటర్ కోడింగ్‌కు అని వాడన్నాడు, గేమ్స్‌కు అని నాకు తెలుసు, అమ్మకు మాత్రం ఇద్దరం కలిసి చదువుకు అని చెప్పాం. చీటీ ఎత్తిన డబ్బులో యాభై వేలు దీనికి పక్కన పెట్టాం. మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ అందులోనే రావాలి. పైన ఒక్క రూపాయి పెట్టినా అమ్మతో మాట పడాలి.

2024 జులైలో ఒక శనివారం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్ దాకా నడిచాం. అక్కడి కంప్యూటర్ షాపుల సంగతి చాలామందికి తెలిసిందే. షాపు పేరు రాయను. ఆ చుట్టుపక్కల నిజాయితీగా అమ్మేవాళ్లూ ఉన్నారు, అందరి మీదా బురద చల్లడం నా ఉద్దేశం కాదు. నిజానికి మొదట ఎక్కిన రెండు షాపులవాళ్లు 54 వేలు, 56 వేలు అన్నారు. రెండో షాపాయనైతే "యాభైలో మానిటర్‌తో సహా మంచి గ్రాఫిక్స్ కార్డు రాదు మేడం, కార్డు తర్వాత కొనుక్కోండి" అని మొహం మీదే చెప్పాడు. ఆ మాట మాకు నచ్చలేదు. నచ్చే మాట చెప్పేవాడు దొరికేదాకా తిరిగాం, మూడో షాపులో దొరికాడు.

ఆయన కాగితం మీద చకచకా రాసిన లెక్క ఇది: ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ 11,500. హెచ్610 మదర్‌బోర్డు 6,500. 16జీబీ ర్యామ్ 3,300. 500జీబీ ఎన్‌వీఎంఈ (ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ) 3,200. ఆర్‌ఎక్స్ 580 8జీబీ 10,500. ఆర్‌జీబీ క్యాబినెట్, 550 వాట్ ఎస్‌ఎంపీఎస్ కలిపి 5,500. మానిటర్ 9,000. కీబోర్డు, మౌస్ 1,500. మొత్తం 51,000. "మీ తమ్ముడంటే నా తమ్ముడే మేడం" అని వెయ్యి కొట్టేశాడు. తమ్ముడు అప్పటికే క్యాబినెట్‌లో రంగులు మారుతున్న ఫ్యాన్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ కాగితాన్ని మళ్లీ చూడండి. ప్రాసెసర్ పేరు ఒక్కటే పూర్తిగా ఉంది, ఎందుకంటే దాంట్లో మోసం చేయడం కష్టం. మిగతావన్నీ సగం పేర్లే.

బిల్లు దగ్గర ఇంకో తప్పు చేశాను. "పక్కా బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా మేడం" అన్నాడు. అంటే తొమ్మిది వేలు. బిల్లు లేకుండా అమ్మితే ఆ పన్ను ఆయన ప్రభుత్వానికి కట్టడు, అంతే తేడా. రోజంతా జీఎస్టీతోనే కాపురం చేసే నాకు ఇది తెలియక కాదు. యాభై దాటకూడదన్న పట్టుదలలో ఎస్టిమేట్ అని రాసిన కచ్చా కాగితం తీసుకుని బయటపడ్డాను. డబ్బు మాత్రం నగదు ఇవ్వకుండా యూపీఐలో కట్టాను, కొటేషన్ ఫోటో వాట్సాప్‌లో పెట్టించుకున్నాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పనులు ఈ రెండే.

పది రోజులు తమ్ముడు వాలరెంట్ అనే తేలికపాటి గేమ్ ఆడుకున్నాడు, అంతా బాగుంది. పదకొండో రోజు జీటీఏ 5 అనే బరువైన గేమ్ వేశాడు. పావుగంటకోసారి కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవడం. విండోస్ తప్పేమోనని మళ్లీ ఎక్కించాడు. నాలుగోసారి ఆగినప్పుడు "అక్కా, ఏదో కాలుతున్న వాసన" అని అరిచాడు. ప్లగ్ పీకేసి మా వీధి చివర రిపేర్ షాపుకు తీసుకెళ్లాం. అక్కడి అబ్బాయి పక్క అద్దం తీసి, ఎస్‌ఎంపీఎస్ బయటికి లాగి చేతిలో పట్టుకుని ఊపాడు. "ఇందులో ఏముందక్కా, ఖాళీ డబ్బా" అన్నాడు.

ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే అందరూ డబ్బు మిగుల్చుకోవాలని చూసేది ఇక్కడే. ఎస్‌ఎంపీఎస్ పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో ఉండే వాట్ల సంఖ్యను వదిలేయండి. కింద పట్టికలో +12వీ అన్న గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి దాన్ని 12తో గుణించండి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ప్రధానంగా కరెంటు వెళ్లేది ఆ దారి నుంచే. మాదాని మీద 18 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పద్దెనిమిదులు 216. అంటే 550 అని అమ్మిన దాంట్లో పనికొచ్చేది 216 వాట్లు, అదీ స్టిక్కర్ నిజం చెప్తోందని నమ్మితే. 12400ఎఫ్ గట్టిగా పనిచేస్తే 117 వాట్ల దాకా లాగుతుంది. మా కార్డు 150 దాకా లాగుతుంది. ఈ రెండే 267. ఆగిపోక ఏం చేస్తుంది? మంచి కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ 12 వోల్టుల దారే ఇంచుమించు 500 వాట్లు ఇస్తుంది.

ఇంకా ఘోరం ఏమిటంటే, దానికి గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్ వైరే లేదు. రెండు మోలెక్స్ కనెక్టర్లను (డిస్కులకు కరెంటిచ్చే పాత రకం ప్లగ్గులు) కలిపి 8 పిన్‌గా మార్చే చిన్న ముక్క తగిలించి పంపాడు. ఆ ప్లాస్టిక్కే కరిగి వాసన వచ్చింది. మీ క్యాబినెట్‌లో ఇలాంటి అతుకు వైరు కనిపిస్తే ఈ రోజే మార్చండి.

తర్వాత కార్డు సంగతి. ఆ రిపేర్ అబ్బాయే గ్రాఫిక్స్ కార్డు వివరాలు చెప్పే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూపించాడు. పేరు దగ్గర "ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ" అని వచ్చింది. ఆ చివరి ముక్కే మా కొటేషన్‌లో లేనిది. 2017 ఏప్రిల్‌లో చిప్పుల కంపెనీ ఏఎండీ విడుదల చేసిన అసలు ఆర్‌ఎక్స్ 580లో 2304 షేడర్లు (బొమ్మల లెక్కలు చేసే చిన్న కోర్లు) ఉంటాయి. 2048 ఉండేది దాని తమ్ముడు ఆర్‌ఎక్స్ 570లో. 2018 అక్టోబరులో చైనా మార్కెట్ కోసం ఆ 2048 షేడర్ల సరుకునే 580 పేరుతో దింపారు. పేరు పెట్టింది ఏఎండీనే కాబట్టి దీన్ని నకిలీ అనడానికి లేదు. అదే షాపువాళ్లకు కలిసొచ్చింది.

షేడర్లలో తేడా పదకొండు శాతమే, అంతకే ప్రాణం పోదు. కానీ మా కార్డు డబ్బా మీద కంపెనీ పేరు లేదు, ఒక మెరిసే డ్రాగన్ బొమ్మ ఉంది. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. వాటి చిప్పులు తీసి కొత్త బోర్డు మీద అతికించి, కొత్త ఫ్యాన్లు పెట్టి అమ్మేవాళ్లున్నారు. మాది అలాంటిదేనని రుజువు చేయలేను. ఊరూ పేరూ లేని కంపెనీ కార్డుకు 10,500 పోశానన్నది మాత్రం నిజం. పైగా ఈ తరం చిప్పుల డ్రైవర్లను (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఏఎండీ 2023 చివర్లోనే వేరు చేసి, అప్‌డేట్లు తగ్గించేసింది.

ర్యామ్ 16జీబీ ఒకే స్టిక్కు. రెండు 8జీబీలు పెడితే డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి పనిచేసి గేముల్లో తేడా కనిపిస్తుంది, ధర పెద్దగా మారదు. టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీలో "స్లాట్లు 2లో 1" అని ఉంటే అదే. ఎస్‌ఎస్‌డీ మాత్రం సరైనదే ఇచ్చాడు, ఉన్నమాట చెప్పాలి కదా.

ఆ తర్వాతి శనివారం మళ్లీ సికింద్రాబాద్ వెళ్లాం. షాపాయన తొణకలేదు. "580 అని రాశాను, 580 ఇచ్చాను. 550 అని రాశాను, స్టిక్కర్ చూడండి, 550 ఉంది. ఎక్కడ తప్పు మేడం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రాసినవన్నీ ఇచ్చాడు. గట్టిగా వాదిస్తే చివరికి ఇంకో 2,200 తీసుకుని 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తింపు) ఉన్న కంపెనీ ఎస్‌ఎంపీఎస్ ఇచ్చాడు. కార్డు వెనక్కి తీసుకోనన్నాడు, "చెక్ చేయిస్తా" అని వారం పాటు ఉంచుకున్నాడు. ఆ వారం కంప్యూటర్ ఇంట్లో ఉట్టి పెట్టె. 12400ఎఫ్‌లో ఆ చివరి 'ఎఫ్' అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, కార్డు తీసేస్తే తెర మీద బొమ్మే రాదు. వారం తర్వాత అదే కార్డు చేతిలో పెట్టాడు.

సగం పేర్ల జబ్బు 580తో ఆగదు. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు అని రాస్తే రెండున్నాయి: 8జీబీది వేరు, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6జీబీది వేరు. రెండో దాంట్లో కోర్లు 2560 నుంచి 2304కు, మెమొరీ దారి 128 బిట్ల నుంచి 96కు తగ్గాయి. ఆర్‌టీఎక్స్ 3060 కూడా అంతే, 12జీబీది 192 బిట్లు, 8జీబీది 128. జీటీ 1030లో జీడీడీఆర్5 మెమొరీది ఒకటి, డీడీఆర్4ది ఇంకొకటి, డీడీఆర్4ది గేముల్లో దాదాపు సగం స్పీడే. ఇక "ఐ7 గేమింగ్ పీసీ 18 వేలకే" అనే ప్రకటనలున్నాయే, అందులో చాలాసార్లు ఉండేది 2011 నాటి ఐ7-2600 లాంటిది. దానికి మైక్రోసాఫ్ట్ విండోస్ 11 సపోర్టే ఇవ్వదు. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఆ పాత బోర్డుల్లో అది ఎక్కడిది? సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1050 టీఐ కొనేవాళ్లు డబ్బు కట్టకముందే జీపీయూ-జెడ్ వేయించండి. పాత కార్డు బయోస్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చి ఆ పేరుతో అమ్మేవి దొరికాయి కాబట్టే 2018 నుంచి ఆ ప్రోగ్రాం నకిలీని పట్టుకుంటే పేరు ముందు "ఫేక్" అని చూపిస్తుంది.

బిల్లు గురించి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన ఇది మారదు. సరుకు విలువ అయిదు లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేనూ ఫోన్ చేశాను. అటునుంచి మొదట అడిగిన వాటిలో ఒకటి "బిల్లు ఉందా మేడం?" అని. ఇప్పుడు యూపీఐ వివరాలు, వాట్సాప్ కొటేషన్, జీపీయూ-జెడ్ ఫోటో, కరిగిన వైరు ఒక కవర్లో పెట్టి ఫిర్యాదు రాసుకుంటున్నాను. కంపెనీ వారంటీ సంగతి కూడా బిల్లు దగ్గరే తేలుతుంది.

అదే యాభై వేలు మళ్లీ చేతికిస్తే ఏం చేసేదాన్ని అని అడిగితే, రెండో షాపాయన మాట వినేదాన్ని. లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, రెండు 8జీబీ ర్యాములు, మంచి ఎస్‌ఎంపీఎస్, రంగుల్లేని మామూలు క్యాబినెట్, పక్కా బిల్లు. వాలరెంట్ దానిమీద హాయిగా నడుస్తుంది. ఆరేడు నెలలు ఆగి ఆర్‌ఎక్స్ 6600 లాంటి కార్డు పెట్టుకోవచ్చు, అది 132 వాట్లే తీసుకుంటుంది. ఈ మాట తమ్ముడితో అంటే "ఆరు నెలలా!" అని వాడు ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

మా ఆఫీసులో ఒకాయన తన కొడుక్కి కొంటున్నానని పోయిన వారం ఒక కొటేషన్ చూపించాడు. "ఆర్‌టీఎక్స్ 3050, 500 వాట్ ఎస్‌ఎంపీఎస్" అని ఉంది. 3050 ఎన్ని జీబీ, ఏ కంపెనీ, ఎస్‌ఎంపీఎస్ మోడల్ ఏది, 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు, ర్యామ్ ఒకటా రెండా, రేటు జీఎస్టీతో కలిపా కాదా అని ఆయన ఫోన్ నుంచే షాపువాళ్లకు వాట్సాప్ పెట్టాను. నీలం టిక్కులు వెంటనే వచ్చాయి. జవాబు మూడు రోజులైనా రాలేదు. ఆయన వేరే షాపు వెతుక్కుంటున్నాడు.